పోటు తీసేలోపు

మాటులోకి వచ్చాక నోరు విప్పకూడదన్న నియమం ఆమె పెట్టిందే, ఇవాళ అది ఆమె మెడకే చుట్టుకుంది. ఆకుపచ్చ గుడ్డతో కుట్టుకున్న ఈ చిన్న గుడారంలో, రెండు మడత స్టూళ్ళ మీద, భుజం భుజం రాసుకుంటూ అత్తాకోడళ్ళు కూర్చున్నాక, పోటు నీళ్ళు బురదనంతా మింగుతూ వచ్చి, అక్కడ మేస్తున్న పిట్టలన్నిటినీ ఎదురుగా ఉన్న ఇసుక తిన్నె మీదకు చేర్చి, కాసేపు అక్కడే నిలిచి, మళ్ళీ వెనక్కి తీసేదాకా ఇద్దరూ కిక్కురుమనరు. దగ్గొస్తే శాలువా నోట్లో కుక్కుకుంటారు. అడగవలసిన మాట నిన్న అడగొచ్చు, మొన్న అడగొచ్చు, ఇవాళ పొద్దున్నే అత్తగారు పెట్టెకి తాళం వేసుకుంటున్నప్పుడు అడగొచ్చు, ఇసుకలో నడిచి వస్తున్నప్పుడైనా అడగొచ్చు. అప్పుడంతా బెల్లం కొట్టిన రాయిలా ఊరుకుని, తీరా మాట్లాడకూడని చోటికి వచ్చాక ఆ మాట గొంతులో కొట్టుకుంటోంది. ఎండ ముదిరేసరికి ఆడపడుచు కారు వచ్చి ఇంటి ముందు ఆగుతుంది. అత్తగారిని ఎక్కించుకుని తన ఊరు తీసుకుపోతుంది, మళ్ళీ తీసుకురావడానికి కాదు. వెళ్ళకండి అత్తయ్యా. ఇంతే, రెండే ముక్కలు.

గుడ్డ సందులోంచి చూస్తే నీళ్ళు ఇంకా దూరంగానే ఉన్నాయి. బురద మీద వెలుతురు పల్చగా పరుచుకుంది, అందులో నల్లగా కదులుతున్నవి ఉల్లంకి పిట్టలే అయ్యుంటాయి, లెన్సు తిప్పితే తెలుస్తుంది, తిప్పాలనిపించడం లేదు. ఎక్కడెక్కడి మంచు దేశాల నుంచో, అక్కడ చలి మొదలవగానే బయల్దేరి, దారి పొడుగునా ఇలాంటి బురదల్లో దిగి కడుపు నింపుకుంటూ ఏటా ఈ రోజులకి ఇక్కడికి వస్తాయి. వస్తాయని తెలిసీ ప్రతి ఏడూ అవి కనిపించేదాకా ఆమెకు నమ్మకం ఉండదు. గుడారంలో తడి గుడ్డ వాసన, ఉప్పు వాసన, అత్తగారి తలనూనె వాసన. ఆ తలనూనె వాసన ఒకప్పుడు ఆమెకు కడుపులో తిప్పేది, కొత్త కాపురంలో ఇల్లంతా అదే, తలగడలకీ అదే, ఆయన చొక్కాలకీ అదే. ఎప్పుడు అలవాటైందో, ఎప్పుడు అది లేనిదే గుడారం గుడారంలా అనిపించడం మానేసిందో చెప్పమంటే చెప్పలేదు. ఈ కెమెరా కూడా ఆమెది కాదు, ఆయనది, అంటే మొదటిది, ఇప్పుడున్నది దాని మనవరాలు అనుకోవాలి. పెళ్ళైన కొత్తలో ఆయన సరదాపడి కొనుక్కుని, కొన్నాళ్ళు మెళ్ళో వేసుకు తిరిగి, ఒకరోజు ఈ ఒడ్డునే కాసేపు కూర్చునేసరికి నడుం పట్టేసి, ఈ పిట్టలు నా మాట వినవు, నీ మాటేమైనా వింటాయేమో చూడు అని ఆమె చేతిలో పెట్టి చేతులు దులుపుకున్నాడు. ఆమె చేతిలో పడ్డాక అది మరి దిగలేదు. తెల్లారకముందే లేచి తలుపు గడియ చప్పుడు కాకుండా తీస్తుంటే వెనక నుంచి అత్తగారి గొంతు, ఒక్కదానివే ఏమిటే, ఉండు, చెప్పులేసుకొస్తా. కాపలాకి వచ్చింది ఆవిడ, పిట్టల కోసం కాదు. కోడలు సముద్రం ఒడ్డున ఒంటరిగా కూర్చుంటే చూసినవాళ్ళు ముక్కున వేలేసుకుంటారని వచ్చింది. పక్కన తనూ కూర్చుంటే ముక్కున వేలేసుకునేవాళ్ళు రెండు చేతులూ వాడాల్సి వస్తుందని ఆవిడకి తోచలేదు.

అప్పుడు ఈ ఆకుపచ్చ గుడ్డ లేదు. పడగ్గది కర్టెను విప్పుకొచ్చి కర్రలకు కట్టారు, దాని నిండా ఎర్రటి పువ్వులు, ఆయన చూసి పడీపడీ నవ్వి, ఇదేదో తోట అనుకుని సీతాకోకచిలుకలు వస్తాయి జాగ్రత్త అన్నాడు. ఆ పువ్వుల గుడ్డ వెనకాల, మొదటి రోజే, పోటు నిండి, తిన్నె నిండా పిట్టలు దిగి, ఆమె ఊపిరి బిగబట్టి మీట మీద వేలు పెట్టిన క్షణంలో అత్తగారు కర్రకి ఆనుకుని గుర్రు పెట్టింది. ఆ గుర్రుకి తిన్నె మీది గుంపంతా లేచిపోయింది. కొత్త కోడలు, ఏమంటుంది, మొహం మాడ్చుకుని ఇంటిదాకా ఒక్క మాట లేకుండా నడిచింది. మర్నాడు అత్తగారే చెప్పులేసుకుంటూ అంది, నిద్రొస్తే గిల్లవే, అత్తనని మొహమాటపడకు, గట్టిగానే గిల్లు. అలా మొదలైంది ఆ గిల్లుళ్ళ భాష. నోరు మూసుకోవాలని ఆమె అంది, మూసుకున్న నోటికి బదులు చెయ్యి మాట్లాడాలని అత్తగారు అంది. మోకాలి మీద వేలు అటు జరిపితే అటు చూడాలి, ఇటు జరిపితే ఇటు, గిల్లితే మీట నొక్కాలి. ఎందుకంటే ఆవిడ కళ్ళు అలాంటివి మరి. ఎదురు మేడ మీద ఆరేసిన చొక్కాకి ఏ బొత్తాం ఊడిందో కిటికీ దగ్గర కూర్చుని చెప్పేది. ఆమె లెన్సులో వెతుక్కునేలోపు ఆవిడ ఉత్త కళ్ళతో పట్టేసేది, బురద రంగులో బురదగా కూర్చున్న పిట్టని, రాళ్ళలో రాయిగా పడుకున్న పిట్టని. పేర్లు మాత్రం పుస్తకంలోవి ససేమిరా నేర్చుకోలేదు. వంకర ముక్కు పొడుగ్గా ఉండి, ప్రతి బొరియలో అది దూర్చి కెలికే పెద్ద పిట్ట పెద్దమామగారు, ఎందుకంటే ఆయన ముక్కు పెట్టని ఇంటి వ్యవహారం లేదు. గాల్లో గుంపుగా అరుచుకుంటూ తిరిగేవి మేడ మీద అద్దెకున్నవాళ్ళు. అల వెనక్కి పోతే దాని వెంట పరిగెత్తి, అల ముందుకొస్తే ప్రాణం పోయినట్టు వెనక్కి పరిగెత్తే ఆ తెల్లటి చిన్న పిట్టలు, క్షణం నిలకడ లేనివి, మీ వదిన. ఆ పేర్లు ఆమె నోటికి ఎంతగా అంటుకుపోయాయంటే, పిట్టల సంఘం వాళ్ళ ప్రదర్శనలో కార్యదర్శి ఆమె ఫొటో ముందు నిలబడి ఇదేం పిట్టమ్మా అని గంభీరంగా అడిగితే, పరధ్యానంలో మా పెద్దమామగారండీ అనేసింది. కార్యదర్శి ఫొటో వంక, ఆమె వంక, పక్కనే ఉన్న ఆయన వంక మార్చి మార్చి చూశాడు. ఆయన తల పంకించి, అవునండి, మా నాన్న వైపు అన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ముగ్గురూ నవ్వలేక చచ్చారు, నవ్వి నవ్వి అత్తగారికి పొలమారింది, ఆయన లేచి వీపు నిమిరాడు. ఆ నవ్వు ఇంట్లో ఇప్పుడు ఎక్కడుంది. ముగ్గురికి సరిపడా నవ్వుని ఇద్దరు మోశారు ఇన్నాళ్ళూ, రేపటినుంచి ఒక్కతే ఎలా మోస్తుంది.

నీళ్ళు వస్తున్నాయి. చప్పుడు లేకుండా వస్తాయి ఇక్కడ, అలలుగా కాదు, నేల చెమర్చినట్టు వస్తాయి. చూస్తుండగానే బురదలోని గాడులన్నీ నిండిపోయాయి. మొదటి గుంపు తిన్నె మీద దిగింది, వెనకే ఇంకొకటి, గాల్లో ఒక్కసారి పక్కకి తిరిగి తెల్లగా మెరిసి, మళ్ళీ తిరిగి బూడిదగా అయిపోయి దిగాయి. నీటి అంచున వదినలు పరిగెడుతున్నారు. అసలు వదిన కూడా ఈపాటికి కారులో బయల్దేరి ఉంటుంది, ఒక చేత్తో నడుపుతూ ఇంకో చేత్తో ఏదో సర్దుతూ. మంచి మనిషే, వదిన మీద చెడ్డమాట అంటే కళ్ళు పోతాయి. తమ్ముడు పోయినప్పుడు వచ్చి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి అందరికీ అన్నం పెట్టి, తను ఎప్పుడు ఏడ్చిందో ఎవరికీ కనపడనివ్వలేదు. పిల్లలు రెక్కలొచ్చి ఎవరి దారిన వాళ్ళు పోయారు, ఇల్లు పెద్దది, ఒక్కతే ఉంటోంది. అమ్మని నా దగ్గరికి పంపు, ఎన్నాళ్ళని నువ్వొక్కదానివే చూస్తావు అని ఫోను చేసినప్పుడు అందులో తప్పేముంది. ఆమె ఫోను చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, వదిన మిమ్మల్ని రమ్మంటోంది అత్తయ్యా అంది. అత్తగారు పొయ్యి దగ్గర అటు తిరిగి ఉంది. వెనక్కి తిరగకుండానే, సరే వెళ్తాలే అంది. ఉల్లిపాయలు తెమ్మంటే తెస్తాలే అన్నట్టు. ఆ సరే ఆమె ఎదురుచూసింది కాదు, నోటికి మాత్రం మీ ఇష్టం అత్తయ్యా అని వచ్చింది. మీ ఇష్టం అన్న మాట ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళకి పుణ్యముండదు. తలుపు తీసినట్టూ ఉంటుంది, మొహం మీద వేసినట్టూ ఉంటుంది. ఆ తర్వాత ఇద్దరూ ఇల్లంతా మర్యాదలు మొదలుపెట్టారు, ముందు మీరు స్నానం చేయండి, కాదు నువ్వు చెయ్యి, అంటూ, ఎన్నడూ లేనిది, రైల్లో ఎదురుబొదురు కూర్చున్న కొత్తవాళ్ళలా. కానీ ఏ అధికారంతో ఆపుతుంది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన తల్లి. ఆయన లేకపోయాక ఆవిడ ఎవరికి ఏమవుతుంది. కన్నకూతురు పిలుస్తుంటే కోడలు అడ్డం పడితే లోకం ఏమనుకుంటుందో అటుంచి, అత్తగారే, పిచ్చిదానా, దాని దగ్గరికి వెళ్ళక నీ దగ్గర ఉంటానని ఎందుకనుకున్నావు అంటే? అదీ అసలు భయం. మిగతావన్నీ దానికి తొడిగిన చొక్కాలు.

టీ పోస్తోంది అత్తగారు. ఫ్లాస్కు మూత తిప్పి, కప్పు ఒళ్ళో పెట్టుకుని, కప్పు అంచున చూపుడు వేలు లోపలికి వంచి పోస్తుంది, వేలికి తగలగానే ఆపుతుంది. కొన్నాళ్ళుగా ఇదొక కొత్త అలవాటు, వేడి చూస్తోందనుకుంటుంది ఆమె. పిట్టలు ఇంకా సర్దుకుంటున్నప్పుడు టీ తాగొచ్చు, తాగిన చప్పుడు మాత్రం రాకూడదు. చప్పుడు రాకుండా టీ తాగడంలో ఈ ఇద్దరినీ మించినవాళ్ళు లేరు. దుకాణంలో మాత్రం అత్తగారు కసితీరా జుర్రుతుంది, ఆ జుర్రుడికి కళ్ళు పరీక్ష చేయించుకునేవాళ్ళు ఉలిక్కిపడి అక్షరం తప్పుతారు. కళ్ళద్దాల దుకాణం ఆమెది, ఊళ్ళో సగం ముక్కుల మీద ఉన్నవి ఆమె బిగించిన జోళ్ళే. ఇరుకైన గది, ఒక పక్క అద్దాల బీరువా, ఒక పక్క బల్ల, ఆ చివర గోడకి వెలుగుతున్న పెట్టెలో అక్షరాల పట్టిక, పైన పెద్దవి, కిందకి పోను పోను చిన్నవి. ఆయన పోయాక ఇంట్లో ఒక్కతీ ఏం చేస్తుందని అత్తగారిని తోడు తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. ఆవిడ బల్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ, ఏ ఫ్రేము ఎవరి మొహానికి నప్పుతుందో అడక్కపోయినా చెబుతూ, సాయంత్రం దాకా ఉండేది. ఎవరూ లేనప్పుడు, రండి అత్తయ్యా, మీ కళ్ళు కూడా చూద్దాం అని ఆమె కుర్చీలో కూర్చోబెడితే, ఆవిడ వీపు నిటారుగా పెట్టి పై అక్షరం నుంచి అట్టడుగు వరస దాకా గడగడా చదివేసేది. ఈ వయసులో ఈ చూపేమిటండీ అని ఆమె మురిసిపోయేది, దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది, మా అత్తయ్య కళ్ళు చూడండి, మీరూ ఉన్నారు.

నిజానికి ఆ కళ్ళు లేకపోతే ఈ పాటికి ఆమె ఎక్కడుండేదో. నాలుగేళ్ళ కిందట, ఆయన పోయాక మొదటి చలిగాలి వచ్చిన పొద్దున, ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎన్నాళ్ళుగా అలా పడుకుందో, సున్నం మీది బీటలన్నీ కంఠతా వచ్చేశాయి, ఒక బీట గుర్రంలా, ఒకటి నదిలా. తిండి పెడితే తినేది, దువ్వితే తల ఇచ్చేది. అత్తగారు వచ్చి దుప్పటి లాగింది. చంకలో మూడుకాళ్ళ స్టాండు, భుజాన కెమెరా సంచి, ఆ సంచి ఆవిడ ఎత్తుకి మోకాళ్ళ దాకా వేలాడుతోంది. లే, పోటు వేళయింది అంది. నేను రాలేను అత్తయ్యా అంది ఆమె. రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తా, దీని మీట ఎక్కడుందో చెప్పు అంది ఆవిడ, కొడుకు పోయిన మనిషి, ఆ సంచి బరువుకి ఒక పక్కకి ఒరిగిపోయి నిలబడి. ఆ ఒరుగు చూసి ఆమెకి నవ్వొచ్చింది, ఎన్ని రోజుల తర్వాతో, నవ్వు మధ్యలోనే ఏడుపైంది. ఇద్దరూ ఇక్కడికి వచ్చి, ఇలాగే, నోరు మూసుకుని కూర్చున్నారు. ఓదార్పు మాటలు అనకూడని చోటు అది ఒక్కటే. ఇంట్లో ఎవరొచ్చినా అవే మాటలు, ధైర్యంగా ఉండు, నీకేం తక్కువ, దేవుడు ఉన్నాడు. ఇక్కడ మాటలు నిషిద్ధం. పోటు వచ్చింది, పిట్టలు వచ్చాయి, ఆయన లేడన్న సంగతి వాటికి తెలియదు. అత్తగారు మోకాలి మీద గిల్లింది, ఆమె మీట నొక్కింది. ఆ రోజు నుంచీ ఆమె ఈవిడని ఎంతగా ప్రేమించిందంటే, కన్నతల్లిని కూడా అంతగా కాదు, ఆ మాట ఎవరితోనూ అనలేదు, ఆవిడతో అసలే అనలేదు. అత్తతో అలాంటివి అంటారా ఎవరైనా.

తిన్నె దాదాపు నిండిపోయింది. పిట్టల మీద పిట్టలు, అన్నీ గాలికి ఎదురుగా ఒకే వైపు తిరిగి, ముక్కులు వీపుల్లో దూర్చుకుని, ఒక్కో కాలి మీద. నీళ్ళు చుట్టూ చేరి ఆగాయి. పోటు నిండిన తర్వాత, తీయడం మొదలవకముందు, ఈ కాస్త వ్యవధి ఆమె ఏడాదంతా దాచుకుని ఎదురుచూసేది, నీరు అటూ పోదు ఇటూ రాదు, లోకమంతా ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు ఉంటుంది. అత్తగారి చెయ్యి ఆమె వీపు మీద ఉంది. ఒకప్పుడు మోకాలి మీద ఉండేది, రెండేళ్ళుగా వీపు మీద, భుజాల నడుమ, ఆసరాకేమో, వయసు మీద పడుతోంది కదా. అటు చూడు ఇటు చూడు అని వేలు జరపడమూ తగ్గింది. గిల్లుడు కూడా ఇదివరకటి చురుకుతో రావడం లేదు, ఆమె పిట్టని చూసి లెన్సు తిప్పి సిద్ధమయ్యాక వస్తోంది. మొదట ఆశ్చర్యపోయింది, తర్వాత గర్వపడింది కూడా, అత్తయ్య కన్నా ముందే పట్టేస్తున్నా, నా కళ్ళు ఆరితేరాయి అని. ఆవిడ కావాలనే తగ్గుతోందేమో, పిల్లకి వదిలేద్దామని, అలా కూడా అనుకుంది. ఇవన్నీ ఇప్పుడెందుకు. ఇప్పుడు వెలుతురు తిన్నె మీదకి ఏటవాలుగా పడింది, తడి ఇసుకలో ప్రతి పిట్ట కింద దాని నీడ, అంచున వదినలు కూడా చివరికి ఆగి నిలబడ్డారు, ఎన్ని శరత్కాలాలు కూర్చున్నా ఇలాంటి దృశ్యం దొరకలేదు, దొరకదు కూడా. ఆమె ఊపిరి ఆగింది. వీపు మీద వేళ్ళు మెల్లగా గిల్లాయి. వేలు మీట మీదే ఉంది. నొక్కితే చాలు, ఫొటో ఉంటుంది, గోడకి తగిలించుకోవచ్చు, దాని ఎదురుగా ఒక్కతే కూర్చుని టీ తాగొచ్చు, చప్పుడు చేస్తూ తాగినా వినేవాళ్ళుండరు.

"వెళ్ళకండి అత్తయ్యా," అంది ఆమె.

గొంతు తను అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. తిన్నె మొత్తం ఒక్కసారిగా లేచింది, గుడారం గుడ్డ ఆ రెక్కల గాలికి అదిరినట్టైంది, ఆకాశం కాసేపు కనపడకుండా పోయి మళ్ళీ కనపడింది.

"లేచిపోయాయా?" అంది అత్తగారు.

"చూశారుగా."

"చూళ్ళేదు." శాలువా మడత సరిచేసుకుంది. "విన్నాను. చూసి రెండేళ్ళు దాటింది."

ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా, అర్థం కాకుండా ఉంటే బావుండుననిపించింది. పట్టిక అంతా చదివారుగా అంది, దుకాణంలో, చివరి వరసతో సహా చదివారుగా. ఆ బల్ల మీద కూర్చుని పొద్దస్తమానం వచ్చినవాళ్ళంతా చదువుతుంటే వింటూనే ఉన్నానుగా అంది ఆవిడ, నాకే కాదు, ఆ పక్క టైలరుకి కూడా కంఠతా వచ్చేసి ఉంటుంది. చెప్పుకుపోయింది, పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పే గొంతుతోనే, నడిమధ్యలో మసక, అంచులు మాత్రం కనిపిస్తాయి, అందుకే నడక తడబడదు. నీ మొహం వైపు చూస్తే జుట్టు కనిపిస్తుంది, చెవులు కనిపిస్తాయి, మొహం ఉన్నచోట ఏమీ ఉండదే. ఊరందరి కళ్ళూ చూసే మనిషి ఆమె, ఆ జబ్బు పోల్చుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి, పక్కన కూర్చున్న మనిషి కళ్ళు మాత్రం ఆమెకి కనపడలేదు.

"మరి గిల్లడం?"

"నువ్వు పిట్టని చూస్తే ఊపిరి బిగబడతావు. వీపు మీద చెయ్యేస్తే తెలిసిపోతుంది. అప్పుడు గిల్లేదాన్ని."

అంటే ఈ రెండేళ్ళ ఫొటోలూ, అత్తయ్య చూపించింది, అత్తయ్య చూపించింది అని అందరికీ చెప్పుకున్నవన్నీ, ఆమె తనకి తనే చూపించుకున్నవి. కోపం వచ్చింది, ఒళ్ళంతా మండిపోయింది. "నాకెందుకు చెప్పలేదు? నేనెవర్ని మీకు?"

"చెప్తే నువ్వు సముద్రం మానేసి నా పక్కన కూర్చుంటావు. నాకు తెలీదా నీ సంగతి. మీ వదిన దగ్గరైతే దానికి మానుకోవడానికి పిట్టలూ గిట్టలూ ఏమీ లేవు." అత్తగారు ఫ్లాస్కు మూత తడిమి బిగించింది. "అయినా ఫోనొచ్చిన రోజు, ఉండమంటావేమోనని పొయ్యి దగ్గర నిలబడి చూశా. మీ ఇష్టం అన్నావు."

"మీరు సరే అన్నారు."

"అన్నాలే."

బయట నీళ్ళు తీయడం మొదలైంది, తిన్నె అంచున తడి గీత ఒకటి తేలింది. లేచిపోయిన పిట్టలు తిన్నెకి తిరిగి రాలేదు, ఎక్కడో ఇంకో ఒడ్డు చూసుకుని ఉంటాయి. సోమవారం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం అంది ఆమె. వెళ్దాంలే అంది ఆవిడ. సముద్రం నేను మాననూ, మీరూ మానరు, ఇక్కడే కూర్చుంటారు అంది ఆమె. నియమం తీసేస్తేనే కూర్చుంటా, నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాదు, కనపడనిదాన్ని నాకు ఎవరైనా చెప్పాలిగా అంది ఆవిడ. అని, అంతలోనే మోకాలి మీద చరిచి, "ముందు మీ వదినకి చెప్పు. నేను రానంటే తనని కాదన్నట్టవుతుంది. నువ్వు పంపనన్నావని చెప్పు. నిన్ను తిట్టుకుంటుంది, సరిపోతుంది."

ఆమె ఫోను తీసింది. అవతల బండి నడుస్తున్న చప్పుడు, దాని మీద వదిన గొంతు, సగం దారి దాటేశానే, అమ్మ తయారైందా, ఆ నీలం దుప్పటి పెట్టిందా లేదా, అని ఊపిరి తీసుకోకుండా.

"అత్తయ్యని నేను పంపను వదినా."

ఆ వాక్యం బయటికి వచ్చాక దాన్ని ఎలా మెత్తన చెయ్యాలో తెలియక అలాగే వదిలేసింది. ఎందుకో చెప్పాలనుకుంది, కళ్ళ సంగతి చెప్పాలనుకుంది, అది తను చెప్పవలసింది కాదని ఆగింది. బండి చప్పుడు తగ్గి, తగ్గి, ఆగింది. వదిన మాట్లాడకుండా ఉండటం ఆమె ఎన్నడూ వినలేదు.

"గదికి రంగు వేయించాను," అంది వదిన చివరికి, చాలా చిన్నగా. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు.

ఆమె ఫోను చెవికి ఆనించుకుని, కళ్ళలో నీళ్ళు నిలిచి, కూర్చుండిపోయింది. గెలిచినట్టు లేదు. ఎవరి నోటి దగ్గరిదో లాక్కున్నట్టుంది. తనకి ఇంత సంతోషంగా ఉండటం తప్పేమో అనిపించింది, అయినా సంతోషంగానే ఉంది.

"ఏమంటోంది?" అంది అత్తగారు.

"మీ గదికి రంగు వేయించిందట."

"ఏడుస్తోందా?"

"లేదు అత్తయ్యా."

"అయితే ఏడుస్తోంది. ఇటివ్వు, నా కళ్ళ సంగతి దానికి నేనే చెప్పాలి."

అత్తగారు చెయ్యి చాచింది. ఆ చెయ్యి తడబాటు లేకుండా, తిన్నగా, ఇంటావిడ చెయ్యిలాగే వచ్చి, ఫోనుకి బెత్తెడు పక్కన ఉత్త గాలిలో ఆగి, వేళ్ళు తెరుచుకుని ఎదురుచూసింది. అది అక్కడ ఉందనే ఆవిడ నమ్మకం. ఆమె ఆ చేతిని పట్టుకుని సరిచెయ్యలేదు. ఫోనునే తీసుకెళ్ళి అందులో పెట్టింది.